తొమ్మిదో తరగతిలో గ్రేడ్లు తగ్గాయా? అమెరికాలో కాలేజీలు ఎలా ఎంచుకోవాలి

మనలో చాలామందిమి ఒక్క ర్యాంకు జీవితాన్ని తేల్చేసే చోటు నుంచి వచ్చాం. ఎంసెట్ ఫలితాల రోజు ఇల్లు పండగ చేసుకునేది, లేకపోతే ఇంట్లో ఎవరూ అన్నం తినేవారు కాదు. అందుకే ఇక్కడ మన పిల్లలు తొమ్మిదో తరగతిలో రెండు సీలు, ఒక డీ తెచ్చేసరికి ఆ పాత భయమే మళ్లీ గొంతు పట్టుకుంటుంది. మా అబ్బాయి విషయంలో నాకూ అదే జరిగింది. వాడి తొమ్మిదో తరగతి మధ్యలో మేం టెక్సస్ నుంచి కాలిఫోర్నియాకు మారాం. ఆ ఏడాది చివరికి స్పానిష్‌లో డీ, ఇంగ్లిష్‌లోనూ బయాలజీలోనూ సీ వచ్చాయి. ఇక పెద్ద కాలేజీల మాట మరిచిపోవాలని అప్పుడు అనుకున్నాను. తర్వాతి మూడేళ్లలో నేర్చుకున్నది వేరు. ఆ తర్వాత మా ఊళ్లో మరికొన్ని కుటుంబాలతో కూర్చుని వారి పిల్లలకూ కాలేజీల జాబితా వేశాను. వారికి చెప్పినదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అసలు సంగతి ఒక్కటే. ఇక్కడ కాలేజీలు గ్రేడ్లను లెక్కించే పద్ధతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. తొమ్మిదో తరగతిని లెక్కలోంచి తీసేసేవి ఉన్నాయి, మిగతా ఏళ్లతో సమానంగా కలిపేవి ఉన్నాయి, ర్యాంకు రూపంలో దాన్ని చివరిదాకా మోయించేవీ ఉన్నాయి. కాబట్టి పేర్లు చూసి జాబితా వేయకండి. మీ బిడ్డ మొదటి ఏడాదిని ఏ కాలేజీ ఎలా చూస్తుందో తెలుసుకుని వేయండి.

ముందు కాగితం చేతికి తీసుకోండి

ఆన్‌లైన్ పోర్టల్‌లో రోజూ కనిపించే శాతాలను పక్కన పెట్టి, స్కూలు నుంచి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే హైస్కూలు గ్రేడ్లన్నీ ఉండే అధికారిక పత్రం, తెప్పించుకోండి. కాలేజీలు చూసేది దాన్నే. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సులో ఏ గ్రేడు వచ్చిందో ఒక తెల్లకాగితం మీద రాయండి. జీపీఏ అంటే గ్రేడ్లను అంకెలుగా మార్చి (ఏకు 4, బీకి 3, సీకి 2, డీకి 1) తీసిన సగటు. అది రెండు రకాలుగా ఉంటుంది. ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే పై స్థాయి కోర్సులకు అదనపు పాయింటు కలిపితే వెయిటెడ్, కలపకపోతే అన్‌వెయిటెడ్. ఏది ఏదో గుర్తు పెట్టుకోకపోతే తర్వాత పోల్చేటప్పుడు తికమక పడతారు.

ఆ తర్వాత బిడ్డతో మాట్లాడండి, కానీ కోపం మీద ఉన్న రోజు వద్దు. గ్రేడు ఎందుకు తగ్గిందో తెలియకుండా ముందుకు వెళ్లలేం. ఊరు మారడం, ఇంట్లో అనారోగ్యం, స్థాయికి మించిన కోర్సులో చేరడం, హోంవర్కు చేసి కూడా సమర్పించకపోవడం, ఇవన్నీ వేర్వేరు కారణాలు. మా వాడిది చివరిదే. పరీక్షల్లో బీలు వస్తున్నా, సమర్పించని పనులకు సున్నాలు పడి డీ దాకా జారాడు. స్పానిష్ రాదనుకుని నేను ట్యూషన్ పెట్టించాను. వాడికి కావలసింది ట్యూషన్ కాదు, ఆదివారం సాయంత్రం పక్కన కూర్చుని వారం పనుల జాబితా వేయించే మనిషి.

ఏది సరిదిద్దవచ్చో, ఏది వదిలేయాలో

చాలామంది డబ్బూ వేసవీ పోగొట్టుకునేది ఇక్కడే. పలు క్యాంపస్‌లున్న ప్రభుత్వ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే అందరూ యూసీ అనేది, హైస్కూల్లో తప్పనిసరిగా చేయాలని తాను కోరే 15 కోర్సుల్లో (వీటినే ఏ-జీ కోర్సులంటారు) సీ లేదా అంతకన్నా మంచి గ్రేడు కావాలంటుంది. డీ, ఎఫ్ వచ్చిన కోర్సును మళ్లీ చేస్తే కొత్త గ్రేడును తీసుకుంటుంది. సీ వచ్చినదాన్ని మళ్లీ చేసి ఏ తెచ్చుకున్నా యూసీ లెక్కలో అది చెల్లదు. ఒక కన్సల్టెంట్ సలహా మీద మేం సీ వచ్చిన ఇంగ్లిష్‌ను వేసవిలో మళ్లీ చేయించాం. డబ్బు సంగతి అటుంచి, వాడి వేసవి వృథా అయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. భాషల్లోనూ గణితంలోనూ పై స్థాయి కోర్సులో సీ లేదా అంతకన్నా మంచి గ్రేడు వస్తే, కింది స్థాయిలోని డీ పూడిపోయినట్టే. స్పానిష్ 1లో డీ వచ్చిన పిల్లలు స్పానిష్ 2 బాగా చేస్తే చాలు. ఆల్జీబ్రా 1లో డీ వచ్చినా ఆల్జీబ్రా 2లో సీ తెచ్చుకుంటే సరిపోతుంది. మీది వేరే రాష్ట్రమైతే అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ నియమం చూడకుండా ఏ కోర్సునూ మళ్లీ చేయించకండి.

పది, పదకొండు తరగతులు: ఎక్కుతున్న మెట్లు కనిపించాలి

అడ్మిషన్ అధికారి ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఎడమ నుంచి కుడికి చదువుతారు. గ్రేడ్లు ఏడాదికేడాది పైకి వెళ్తున్నాయా, దానితోపాటు కోర్సుల స్థాయి కూడా పెరుగుతోందా అని చూస్తారు. తేలిక కోర్సుల్లో అన్నీ ఏలు తెచ్చుకుంటే మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. మన ఇళ్లలో జరిగే పొరపాటు దీనికి పూర్తిగా అవతలి వైపు ఉంటుంది. తొమ్మిదిలో పోయినదాన్ని పదిలోనే తిరిగి తెచ్చుకోవాలని ఒకేసారి నాలుగు ఏపీ కోర్సులు తలకెత్తుతాం. తడబడిన బిడ్డ మీద అంత బరువు పెడితే మళ్లీ పడిపోతాడు, ఈసారి లేవడం ఇంకా కష్టం. పదిలో బలమైన సబ్జెక్టులో ఒక ఆనర్స్ లేదా ఏపీ, అది నిలబడితే పదకొండులో రెండో మూడో. ఇది నా అభిప్రాయమే, కానీ నేను చూసిన పిల్లల్లో నిలదొక్కుకున్నవారు ఇలాగే నడిచారు.

హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో (స్థానికంగా ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో) ఒక కోర్సు చేయించే దారి కూడా ఉంది. కాలిఫోర్నియాలో దీని ఫీజు చాలావరకు మినహాయిస్తారు. మంచి గ్రేడు వస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌కు బలం. కానీ అది శాశ్వత కాలేజీ రికార్డు. రేపు ఎక్కడ చేరినా ఆ గ్రేడు చూపించాల్సిందే. బిడ్డ సిద్ధంగా లేనప్పుడు తోయకండి.

ఒకే ట్రాన్స్‌క్రిప్ట్, మూడు లెక్కలు

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఏడాదికి ఆరు కోర్సులు అనుకుందాం. తొమ్మిదిలో అన్‌వెయిటెడ్ జీపీఏ 2.5, పదిలో 3.3, పదకొండులో 3.8.

మూడేళ్లనూ కలిపితే 3.2. చాలా కాలేజీలకు స్కూలు పంపే అంకె ఇలాంటిదే.

యూసీ అలా లెక్కించదు. తొమ్మిది ముగిసిన వేసవి నుంచి పదకొండు తర్వాతి వేసవి దాకా చేసిన ఏ-జీ కోర్సులనే జీపీఏలోకి తీసుకుంటుంది. తొమ్మిదిలో కోర్సు పూర్తయిందా, సీ వచ్చిందా అన్నది చూస్తుంది గాని ఆ గ్రేడును సగటులో కలపదు. అదే బిడ్డకు ఇక్కడ 3.55 వస్తుంది. దానిమీద ఆనర్స్ పాయింట్లు. ఎనిమిది సెమిస్టర్ల వరకు ఒక్కో పాయింటు కలుపుతారు, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. రెండేళ్లలో 24 సెమిస్టర్ గ్రేడ్లు ఉంటే ఎనిమిది పాయింట్లూ దక్కినప్పుడు 0.33 పెరిగి 3.88 అవుతుంది. కాలిఫోర్నియా నివాసులకు యూసీ కనీస అర్హత 3.0, బయటి రాష్ట్రాలవారికి 3.4. అర్హత ఉంటే సీటు వచ్చేసినట్టు కాదు, యూసీలోని బర్కిలీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లకు పోటీ చాలా తీవ్రం. అయినా 3.2 అంకె చూసి యూసీకి దరఖాస్తే పెట్టని కుటుంబాలు ఉన్నాయి. అది చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) కాలేజీలు కూడా చాలావరకు పది, పదకొండు తరగతులనే లెక్కిస్తాయి.

మూడో లెక్క ర్యాంకుది. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు మాత్రం హద్దు ఇంకా ఇరుకు. 2026 ఫాల్ నుంచి అది పై 5 శాతమే. ర్యాంకులో తొమ్మిదో తరగతి గ్రేడ్లు పూర్తిగా ఉంటాయి. డాలస్ శివారులోని ఫ్రిస్కో, ప్లేనో వంటి చోట్ల ప్రతి స్కూల్లో వందలమంది గట్టి పోటీదారులు ఉంటారు, మొదటి ఏడాది పోతే ఆ 5 శాతంలోకి రావడం దాదాపు అసాధ్యం. టెక్సస్ తల్లిదండ్రులు ఈ నిజాన్ని పదో తరగతిలోనే ఒప్పుకుంటే మంచిది. అప్పుడు డాలస్, హ్యూస్టన్, ఆర్లింగ్టన్, లబక్‌లలోని ప్రభుత్వ యూనివర్సిటీలనూ రాష్ట్రం బయటి కాలేజీలనూ తీరిగ్గా, గౌరవంగా చూడవచ్చు.

జాబితా వేయడం

ప్రతి కాలేజీ గురించీ తెలుసుకోవడానికి నేను ఎక్కువగా నమ్మేది కామన్ డేటా సెట్, అంటే కాలేజీలు ఒకే నమూనాలో ఇచ్చే వివరాల పత్రం. చాలా కాలేజీలు ఏటా దీన్ని తమ సైట్‌లో పెడతాయి. కాలేజీ పేరు పక్కన ఈ మాట పెట్టి వెతికితే దొరుకుతుంది. అందులో సీ7 అనే పట్టిక తెరవండి. కోర్సుల కఠినత్వం, క్లాసు ర్యాంకు, జీపీఏ, టెస్టు స్కోరు, వ్యాసం, సిఫారసు లేఖలు, వీటిలో ఏది చాలా ముఖ్యమో ఏది అసలు చూడరో అక్కడ గుర్తులు ఉంటాయి. క్లాసు ర్యాంకు చూడం అని గుర్తు పెట్టి, కోర్సుల కఠినత్వానికి ఎక్కువ విలువిచ్చే కాలేజీలు మన బిడ్డకు అనుకూలం. సీ12లో చేరినవారి సగటు జీపీఏ ఉంటుంది. కొన్ని చోట్ల అది వెయిటెడ్ అంకె కాబట్టి మీ వెయిటెడ్‌తోనే పోల్చండి. బీ22 కూడా చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. మొదటి ఏడాది తర్వాత ఎంతమంది అదే కాలేజీలో కొనసాగారో అక్కడ ఉంటుంది. కొత్త చోటుకు అలవాటు పడటానికి సమయం తీసుకునే బిడ్డకు పిల్లలను నిలబెట్టుకునే కాలేజీ కావాలి. ఆ అంకె ఆ సంగతి చెబుతుంది.

ముందు భద్రమైనవి వెతకండి, కలల కాలేజీలు తర్వాత. ఫలానా అర్హత ఉంటే సీటు ఖాయం అని రాసి మరీ చెప్పే యూనివర్సిటీలు ఉన్నాయి. అయోవా స్టేట్ ఒక సూత్రం వాడుతుంది. ఏసీటీ అనే ప్రవేశ పరీక్ష స్కోరును 3తో, జీపీఏను 30తో, కోర్ కోర్సుల్ని (ఇంగ్లిష్, గణితం, సైన్స్ వంటివి) చదివిన సంవత్సరాల మొత్తాన్ని 5తో గుణించి కూడాలి. 245 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే ప్రవేశం. మన ఉదాహరణలోని బిడ్డకు జీపీఏ 3.2, ఏసీటీ 28, కోర్ సంవత్సరాలు 15 అయితే 84, 96, 75 కలిపి 255. దాటేసినట్టే. అరిజోనా స్టేట్ కోర్ సబ్జెక్టుల్లో 3.0 ఉన్నవారిని తీసుకుంటుంది, ఇంజినీరింగ్‌కు అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. ఇలాంటి రెండు సీట్లు ఖాయం చేసుకున్నాక ఇంట్లో ఊపిరి ఆడుతుంది, మిగతా దరఖాస్తులు భయం లేకుండా రాయగలుగుతారు. భద్రమైన కాలేజీ అంటే బిడ్డ నిజంగా వెళ్లడానికి ఇష్టపడేదై ఉండాలి. అందుకే వీలైతే అక్కడికి ఒకసారి తీసుకెళ్లండి.

మన సంభాషణల్లో ఎప్పుడూ వినిపించని పేర్లు కొన్ని చెబుతాను. ఓహాయోలోని వూస్టర్, విస్కాన్సిన్‌లోని లారెన్స్, బెలాయిట్, మిషిగన్‌లోని కలమజూ. ఇవి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు. దరఖాస్తును మొత్తంగా చదువుతాయి, ఎక్కుతున్న మెట్లను గుర్తిస్తాయి, మెరిట్ స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తాయి. వూస్టర్‌లో ప్రతి విద్యార్థీ చివరి ఏడాది ఒక ప్రొఫెసర్ పర్యవేక్షణలో సొంత పరిశోధన పూర్తి చేయాలి. బంధువులకు పేరు తెలియకపోవచ్చు. తొమ్మిదిలో ఎవరూ పట్టించుకోక జారిపోయిన బిడ్డకు, పేరు పెట్టి పిలిచే గురువు దొరికే చోటు ఎంత విలువైనదో చెప్పలేను.

కంప్యూటర్ సైన్స్ గురించి నిజాయితీగా ఒక మాట

చాలా యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌కు ప్రవేశం విడిగా ఉంటుంది, మిగతా మేజర్ల (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టుల) కన్నా చాలా కఠినంగా ఉంటుంది. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారవచ్చని అనుకుంటాం. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లోనూ అర్బానా-షాంపెయిన్‌లోని ఇల్లినాయ్‌లోనూ అలా మారడం చాలా కష్టం. ప్రతి కాలేజీ విషయంలోనూ ఆ డిపార్ట్‌మెంట్ పేజీలో మేజర్ మార్పు నియమం చదివి, జాబితాలో ఆ పేరు పక్కన రాసుకోండి. స్టాటిస్టిక్స్, అప్లయిడ్ మ్యాథ్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ బిడ్డకు నచ్చితే వాటితోనే మంచి దారి ఉంది. నచ్చకపోతే దొడ్డిదారిగా వాడుకోవద్దు.

కమ్యూనిటీ కాలేజీ

ఈ మాట అనగానే మన ఇళ్లలో ముఖాలు వాడిపోతాయి. పార్టీలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అన్నదే మొదటి ప్రశ్న. దయచేసి ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఈ లెక్క వినండి. కమ్యూనిటీ కాలేజీలో 60 సెమిస్టర్ యూనిట్లు (దాదాపు రెండేళ్ల చదువు) పూర్తిచేసి ట్రాన్స్‌ఫర్ అయ్యే విద్యార్థిని యూసీ కాలేజీ గ్రేడ్లతోనే తూస్తుంది. తొమ్మిదో తరగతి డీ అక్కడ లెక్కలోకే రాదు. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీలూ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల పిల్లలకు ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అనే హామీ ఇస్తాయి. చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏతో పూర్తిచేస్తే సీటు ఖాయం. ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టాలి, సెప్టెంబర్ నెలలో. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఈ హామీ ఇవ్వవు గాని ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను తీసుకుంటాయి. కొన్ని క్యాంపస్‌లు కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్‌లను ట్యాగ్ నుంచి మినహాయిస్తాయి, ఆ జాబితా ముందే చూడండి. బే ఏరియాలో కూపర్టినోలోని డీ యాంజా, ఫ్రీమాంట్‌లోని ఒలోనీ ఈ దారిలో పిల్లలను నడిపిస్తాయి. వర్జీనియాలో నోవా (నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ)కి జార్జ్ మేసన్ యూనివర్సిటీతో అడ్వాన్స్ అనే ఒప్పందం ఉంది. ఆష్‌బర్న్, హెర్నడన్ ప్రాంతాల మన కుటుంబాలు దాన్ని తప్పక చూడాలి.

ఈ దారిలో కష్టం కూడా ఉంది. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో మొదటి నెలలోనే కౌన్సెలర్‌తో కూర్చుని రెండేళ్ల పట్టిక వేసుకోవాలి. అలా వేసుకోకపోతే రెండేళ్లు మూడేళ్లవుతాయి.

ఫీజు, వీసా

హెచ్-4 మీద, అంటే తల్లి లేదా తండ్రి హెచ్-1బీ ఉద్యోగ వీసాకు డిపెండెంట్‌గా ఉన్న పిల్లలకు, ఫాఫ్సా అనే ఆర్థిక సాయం దరఖాస్తు ద్వారా కేంద్ర సాయం రాదు. రాష్ట్ర నివాసుల ఫీజు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి ఉంటుంది. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే కొన్ని చోట్ల ఫీజు హోదా కూడా మారవచ్చు. జాబితాలోని ప్రతి కాలేజీ రెసిడెన్సీ కార్యాలయానికి ఈమెయిల్ రాసి జవాబును భద్రపరుచుకోండి. నోటిమాట మీద ఆధారపడవద్దు. ప్రతి కాలేజీ సైట్‌లోనూ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉండాలని చట్టం చెబుతోంది, దరఖాస్తుకు ముందే వాడండి. పడమటి రాష్ట్రాలవారు డబ్ల్యూయూఈ (వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్) పథకం గురించి అడగండి. అందులో చేరిన యూనివర్సిటీలు ఆ పథకం కింద తీసుకున్న మిగతా పడమటి రాష్ట్రాల పిల్లల నుంచి స్థానిక ట్యూషన్ ఫీజుకు ఒకటిన్నర రెట్లకు మించి తీసుకోవు.

జరిగినది ఎలా చెప్పాలి

తొమ్మిదో తరగతి గురించి ప్రధాన వ్యాసం రాయనివ్వకండి. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో అదనపు వివరాలకు విడిగా చోటుంది. అక్కడ నాలుగైదు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఏం మార్చుకున్నాను, దాని ఫలితం ఏ గ్రేడ్లలో కనిపిస్తుంది. టీచర్ మీదో స్కూలు మీదో నింద ఉండకూడదు. మా వాడు రాసినది ఇలా ఉంది: "తొమ్మిదో తరగతి మధ్యలో స్కూలు మారాను. పనులు సమయానికి ఇవ్వలేదు. పదో తరగతి నుంచి ప్రతి ఆదివారం వారం పనులు రాసుకుంటున్నాను. అప్పటి నుంచి బీ కన్నా తక్కువ గ్రేడు రాలేదు." దాన్ని దిద్దాలని నా చేయి తెగ లాగింది. ఒక్క అక్షరం మార్చలేదు.

స్కూల్ కౌన్సెలర్‌ను పదకొండో తరగతి వసంతంలోనే కలవండి. ఒక్కో కౌన్సెలర్‌కు 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని వారి జాతీయ సంఘమే చెబుతోంది, చాలా స్కూళ్లలో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. మీ బిడ్డ కథ వారికి తెలియకపోతే లేఖలో రాయలేరు. బిడ్డే వెళ్లి చెప్పాలి, మీరు పక్కన కూర్చుంటే చాలు.

చివరగా తేదీల విషయం. నవంబర్ 1 ఎర్లీ గడువుకు పంపితే పన్నెండో తరగతి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు చాలా కాలేజీలకు కనిపించవు. పైకి ఎక్కుతున్న బిడ్డకు ఆ గ్రేడ్లే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. అందుకే భద్రమైన కాలేజీలకు ముందే పంపి, కష్టమైనవాటిని జనవరి రెగ్యులర్ గడువుకు ఉంచండి. యూసీ గడువు నవంబర్ 30 ప్రాంతంలో ముగుస్తుంది, అక్కడ ఈ వెసులుబాటు లేదు. మొదటి సెమిస్టర్ ముగియగానే కౌన్సెలర్ ఆ గ్రేడ్లతో కాలేజీలకు మిడ్ ఇయర్ రిపోర్టు పంపాలి. పంపారో లేదో ఫిబ్రవరి మొదటి వారంలో బిడ్డ చేత మర్యాదగా అడిగించండి. మాకు ఒక కాలేజీకి అది వెళ్లలేదు, అడిగాకే పంపారు.